ఇంటి కంప్యూటరూ, ఫ్రెంచి చదువూ

పరాయి భాష రావాలంటే ఆ దేశమైనా వెళ్ళాలి, లేదా ఆ భాష తెలిసిన గురువు దగ్గరైనా కూర్చోవాలి అని మన పెద్దలు అనేవారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. కాని ఈ రెండు భాగ్యాలూ అందరికీ పట్టవు గదా! హైదరాబాదులో చదివే విద్యార్థికి ఇంగ్లీషు అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉన్నది, అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నది. ఏ మండల కేంద్రంలోనో ఉండి డిగ్రీ చదివే వాడి మాటేమిటి? వాడికి ఫ్రెంచి చెప్పే మాస్టారు దొరకడం గగనం. అటువంటి వారికి ఈనాడు ఇంట్లో ఉన్న కంప్యూటరే మాస్టారు.

నేను సైన్సు విద్యార్థిని. ఫ్రెంచి నేర్పే క్లాసులో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఏడాదిన్నరగా రోజుకు ముప్పావుగంట చొప్పున కంప్యూటరు ముందు కూర్చుని ఫ్రెంచి చదువుతున్నాను. ఈ చదువులో యంత్రం ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, మన తెలుగు ఎక్కడ అక్కరకొస్తుంది అన్న మూడు సంగతులు తోటి విద్యార్థులకు చెప్పాలని ఈ వ్యాసం.

"ఫ్రెంచి మనకెందుకండీ?" అనే వారికి రెండు ముక్కలు. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఇది ఒకటి. ఫ్రాన్సులోనే గాక బెల్జియం, స్విట్జర్లాండు, కెనడాలోని క్యుబెక్, ఆఫ్రికాలోని అనేక దేశాల్లో దీనితో పని పడుతుంది. ఫ్రాన్సు విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషులో చెప్పే కోర్సులు ఉన్నమాట నిజమే. కాని గది అద్దెకు తీసుకోవాలన్నా, ఆఫీసు కాగితం నింపాలన్నా ఫ్రెంచే దిక్కు. తెలుగువారికి ఈ భాష బొత్తిగా కొత్తదీ కాదు. మచిలీపట్నంలో పరాసుపేట ఉన్నది. పరాసు అంటే ఫ్రెంచివాడే. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో బుస్సీ పేరు వినని వారుండరు. మన యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్నది.

కంప్యూటరు ఏం చేస్తుంది?

కంప్యూటరుతో భాష నేర్పాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు 1960లో ప్లేటో అనే కంప్యూటరు బోధన పద్ధతి మొదలుపెట్టారు. 1970ల నాటికి అందులో ఫ్రెంచి పాఠాలు కూడా నడిచాయి. అప్పుడు యూనివర్సిటీలకే పరిమితమైన ఆ సౌకర్యం ఇప్పుడు మన బల్ల మీదికి వచ్చింది.

యంత్రం చేసే మొదటి మేలు జ్ఞాపకానికి సంబంధించింది. నేర్చినది ఎంత త్వరగా మరుస్తామో 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. పూర్తిగా మరిచిపోక ముందే మళ్ళీ గుర్తుచేసుకుంటే ఆ మాట మరికొన్నాళ్ళు నిలుస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని 1972లో లైట్నర్ అనే ఆయన కార్డుల పెట్టె పద్ధతి ప్రచారం చేశాడు. కార్డుకు ఒక పక్క పరాయి మాట, రెండో పక్క దాని అర్థం. జవాబు వచ్చిన కార్డు తరువాతి అరలోకి పోతుంది, ఆలస్యంగా తిరిగి వస్తుంది. రాని కార్డు మొదటి అరకే వస్తుంది, రేపే మళ్ళీ ఎదురవుతుంది. ఈ లెక్కను 1987లో సూపర్‌మెమో, 2006లో ఆంకీ అనే సాఫ్ట్‌వేరులు కంప్యూటరుకు అప్పగించాయి. ఆంకీ కంప్యూటరు మీద ఉచితం. రెండువేల కార్డుల్లో ఇవాళ ఏ నలభై చూడాలో అదే చెబుతుంది. ఇంత ఓపిక ఏ మాస్టారికి ఉంటుంది చెప్పండి?

రెండో మేలు చెవికి. ఒక వాక్యాన్ని ఇరవైసార్లు వినవచ్చు, నిదానం చేసి వినవచ్చు, మన గొంతు రికార్డు చేసుకుని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. క్లాసులో ఇరవైసార్లు అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారు. యంత్రం నవ్వదు, విసుక్కోదు.

ఇంగ్లీషు దారిలో చిక్కు

ఇక అసలు సంగతికి వస్తాను. మనకు దొరికే ఫ్రెంచి సాఫ్ట్‌వేరుల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు వారి కోసం తయారైనవి. అది వాళ్ళ కొలతకు కుట్టిన చొక్కా. దాన్ని మనం అలాగే తొడుక్కుంటే మనకు కష్టం కానిది కష్టంగా కనిపిస్తుంది. మన భాషలో సిద్ధంగా ఉన్నది కూడా మనకు అందకుండా పోతుంది. కొన్ని ఉదాహరణలు చూడండి. తెలుగు లిపిలో ఫ్రెంచి ఉచ్చారణ సుమారుగా మాత్రమే చూపగలం. అసలు ధ్వని వినే నేర్చుకోవాలి.

ఇంగ్లీషువాడు మాట మొదట్లో ప, ట, క పలికితే చిన్న ఊపిరి బయటికి వస్తుంది. పెదవుల ముందు పలుచని కాగితం పట్టి చూస్తే అది కదులుతుంది. ఫ్రెంచిలో ఈ ఊపిరి ఉండదు. అందుకని ఇంగ్లీషువాడు కష్టపడి దాన్ని మానుకోవాలి. మన ప, త, క లు పుట్టుకతోనే ఊపిరి లేనివి. పైగా ఫ్రెంచి త, ద లు మన త, ద ల వలె దంత్యాలు. బల్లను ఫ్రెంచిలో "తాబ్ల్" అంటారు. మనం మాత్రం ఇంగ్లీషు అలవాటు కొద్దీ "టాబ్ల్" అంటాం. మన నోట్లో ఉన్న త ను మనమే ట చేసుకుంటున్నామన్నమాట!

సంబోధన సంగతి చూడండి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. కాబట్టి ఫ్రెంచిలో "త్యూ", "వూ" అనే రెండు మాటల తేడా చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలకు ప్రత్యేకంగా ఒక పాఠం కావాలి. మనకు అది నువ్వు, మీరు. ఒక్క పెద్దవారినీ, పదిమంది చిన్నపిల్లలనూ "మీరు" అన్నట్టే అక్కడా "వూ" రెండు పనులూ చేస్తుంది. తేడా వాడుకలోనే. మనలో చాలా ఇళ్ళలో నాన్నగారిని మీరు అంటారు. అక్కడ తల్లిదండ్రులను నువ్వు అనడమే మామూలు. కొత్తగా పరిచయమైన తోటి విద్యార్థిని కూడా నువ్వు అనే పిలుస్తారు.

వాక్యంలో మాటల వరస మరీ ముచ్చటైనది. "నేను దాన్ని చూస్తున్నాను" అనడానికి ఫ్రెంచివాడు "జ ల వ్వా" అంటాడు. జ అంటే నేను, ల అంటే దాన్ని, వ్వా అంటే చూస్తున్నాను. "జ త ల దోన్" అంటే "నేను నీకు దాన్ని ఇస్తున్నాను". మాటకు మాట మన వరసే! ఇంగ్లీషులో ఆలోచించేవాడు క్రియ ముందు పెట్టి, ఆ తరువాత దాన్ని వెనక్కు జరపాలి. తెలుగులో ఆలోచించేవాడికి జరపవలసిందేమీ లేదు. అయితే ఇది సర్వనామాలకే. నామవాచకం కర్మగా వస్తే ఫ్రెంచిలోనూ క్రియ తరువాతే వస్తుంది.

తరువాత సంధి. ఫ్రెంచిలో "లె" అంటే బహువచనపు ఉపపదం, "అమి" అంటే స్నేహితుడు. రెండూ కలిస్తే "లె అమి" కాదు, "లెజామి" అవుతుంది. మామూలుగా పలకని హల్లు తరువాతి మాట అచ్చుతో మొదలైతే మేలుకుంటుందన్నమాట. దీన్ని వారు లియేజోఁ అంటారు. (ఇక్కడి జ "జడ"లోని దంత్య జ కు దగ్గరగా ఉంటుంది.) ఫ్రెంచి వ్యాకరణం దీన్ని తప్పనిసరి, ఐచ్ఛికం, నిషిద్ధం అని మూడు రకాలు చేసింది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివి నిత్యం, వైకల్పికం అని వల్లించిన వాడికి ఇది కొత్త పాఠమా? నిషేధం ఎందుకో కూడా చూడండి. "లె ఎరో" అంటే వీరులు. దాన్ని కలిపేసి "లెజెరో" అంటే సున్నాలు! వీరులను సున్నాలు చేయకుండా ఉండాలంటే సంధి నియమం తెలియాలి.

ఉచ్చారణలో మనకూ కష్టాలున్నాయి. ముక్కుతో పలికే అచ్చుల్ని మనం న కారం చేసేస్తాం. వేఁ అంటే ద్రాక్షసారా, వాఁ అంటే గాలి, వోఁ అంటే వాళ్ళు వెళ్తారు. మూడింటిలోనూ చివర న లేదు. పాత పుస్తకాల్లో వాఁడు, వీఁడు అని రాసిన అరసున్న గుర్తున్నదా? ఆ గుర్తు ఇక్కడ బాగా పనికొస్తుంది. నా కార్డుల మీద నేను అరసున్నే వేసుకుంటాను. ఇంకొక అచ్చు మనకు లేనే లేదు. నాలుక ఈ పలికే చోట ఉంచి, పెదవులు మాత్రం ఊ అన్నట్టు గుండ్రం చేయాలి. "దెస్యూ" అంటే పైన, "దెసూ" అంటే కింద. ఈ ఒక్క అచ్చు సరిగా పలకకపోతే పైనున్నది కింద పడుతుంది. ర కారం గొంతులోంచి వస్తుంది. ఉర్దూ తెలిసినవారు "గరీబ్" లోని గ ను శుద్ధంగా పలికినప్పుడు వచ్చే ధ్వని దానికి దగ్గర.

లింగం విషయంలో తెలుగు సాయపడదు. మనకు వస్తువులన్నీ "అది". ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. కారణం అడగరాదు. మాటను ఒంటరిగా కాక ఉపపదంతో సహా కార్డు మీద రాసుకోవడమే మార్గం: "ఉ్యన్ తాబ్ల్", "అఁ లీవ్ర్" అని.

ఇంగ్లీషు పనికిరాదని నేను అనడం లేదు. పదసంపదలో అది చేసే సాయం పెద్దది. నేషన్, క్వెశ్చన్ వంటి వందల మాటలు స్పెల్లింగుతో సహా ఫ్రెంచిలో ఉన్నాయి. ఉచ్చారణే వేరు. అయితే "లిబ్రేరీ" అంటే గ్రంథాలయం కాదు, పుస్తకాల షాపు. కాబట్టి మాటలకు ఇంగ్లీషును, నాలుకకూ, మర్యాదకూ, సంధికీ తెలుగును ఆశ్రయించడం తెలివైన పని.

యంత్రం ఆగిపోయే చోటు

చాలా సాఫ్ట్‌వేరులు నాలుగు జవాబులు చూపి ఒకటి ఎంచుకోమంటాయి. లేదా చెదిరిన మాటల్ని వరసలో పెట్టమంటాయి. చూసి గుర్తుపట్టడం వేరు, ఏమీ చూడకుండా నోట పుట్టించడం వేరు. వంద రోజులు విడవకుండా చదివి, మార్కులూ పతకాలూ మూటగట్టుకుని, "మీ ఊరెక్కడ?" అని ఫ్రెంచిలో అడిగితే నీళ్ళు నమిలే వారిని నేను చూశాను. ఉచ్చారణ పరీక్షల్నీ పూర్తిగా నమ్మరాదు. నేను వాడిన ఒక సాఫ్ట్‌వేరుకు కావాలనే దెస్యూ బదులు దెసూ అని చెప్పి చూశాను. భేష్ అని మెచ్చుకున్నది!

2022 చివర చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఈ లోటు కొంత తీరింది. ఇటువంటి సాఫ్ట్‌వేరుతో ఫ్రెంచిలో సంభాషించవచ్చు, మనం రాసిన పేరా దిద్దించుకోవచ్చు, నియమం తెలుగులో వివరించమని అడగవచ్చు. కాని అది లేని నియమాన్ని కూడా ఉన్నంత ధీమాగా చెప్పగలదు. అనుమానం వస్తే వ్యాకరణ పుస్తకమే ప్రమాణం.

ఇది పరీక్షకు కూడా సంబంధించిన మాట. ఫ్రెంచి ప్రభుత్వం గుర్తించిన డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కొక్కదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి. ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. అంటే మిగతా మూడింటిలో ఎంత మెరిసినా, పరీక్షకుని ఎదుట నోరు పెగలని వాడు తప్పినట్టే. ఇంట్లో ఒంటరిగా చదివే మనవంటి వారికి గండం సరిగ్గా అక్కడే ఉన్నది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. పదిహేను నిమిషాలు కార్డులు. పది నిమిషాలు ఫ్రెంచి రేడియో ఆర్.ఎఫ్.ఐ. వారు నేర్చుకునే వారి కోసం ఇచ్చే సులభ ఫ్రెంచి వార్తలు. పది నిమిషాలు విన్న వాక్యాన్నే గట్టిగా చెప్పడం, రికార్డు చేసుకుని వినడం. చివరి పది నిమిషాలు తెర ఆపేసి, ఆ రోజు జరిగిన సంగతి అయిదు వాక్యాల్లో కాగితం మీద రాయడం. ఈ చివరి పనే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఫలం.

అయినా ఎదుట మనిషి లేని లోటు లోటే. భాష అడిగేవాడూ చెప్పేవాడూ ఉంటేనే బతుకుతుంది. అందుచేత మన విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వారానికి ఒక సాయంత్రం, ఒక గంట, ఒక ఖాళీ గది ఇప్పించండి. ఇళ్ళల్లో ఎవరికి వారు ఫ్రెంచి చదువుకుంటున్న వాళ్ళం నలుగురం చేరితే చాలు. ఖర్చు లేదు, గురువు కోసం ఎదురుచూడనక్కర లేదు. ఫ్రెంచి తెలిసిన పూర్వ విద్యార్థులు ఎవరైనా సెలవుల్లో ఒక పూట వచ్చి మా తప్పులు దిద్దితే అంతకంటే కావలసింది లేదు. వారం పొడుగునా యంత్రం కూర్చి పెట్టిన మాటలకు ఆ గంటలో ప్రాణం వస్తుంది. ఆసక్తి ఉన్న మిత్రులు ముందుకు వస్తారని ఆశిస్తున్నాను.