చుట్ట మొన ఎలా కోసినా పొగ మారుతుంది, ముప్పు మారదు

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ల సామాన్లలో అత్తరు, ఖర్జూరాలతో పాటు ఈమధ్య అక్కడక్కడా సిగార్ డబ్బా కూడా కనిపిస్తోంది. బందరులోనో గుడివాడలోనో పెళ్లి దావత్ అయ్యాక మేడ మీద కుర్రాళ్లు ఒకటి వెలిగిస్తారు. పెద్దవాళ్లు అడిగితే, "సిగరెట్ కాదు చాచా, పొగ లోపలికి పీల్చం కదా" అంటారు. దివిసీమ పల్లెల్లో చుట్ట కాల్చే ముసలాయన్ని అడిగినా ఇంచుమించు ఇదే జవాబు వస్తుంది. ఈ మాటలో నిజమెంత? సిగార్ మొన కోసే పద్ధతి దగ్గర్నుంచి మొదలుపెడితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

కోయడం ఎందుకు?

విదేశీ సిగార్‌కి నోట్లో పెట్టుకునే వైపు మూసి ఉంటుంది. పై ఆకు ఊడిపోకుండా చిన్న ఆకు ముక్కని టోపీలాగా అతికిస్తారు. ఆ టోపీని కోస్తేగానీ గాలి ఆడదు. కోసే పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది అడ్డంగా నేరుగా కోయడం. రంధ్రం వెడల్పుగా ఉంటుంది కాబట్టి పొగ సులువుగా, ఒకేసారి ఎక్కువగా వస్తుంది. రెండోది, గుండ్రటి చిన్న కట్టర్‌తో మధ్యలో బెజ్జం పెట్టడం. దారి ఇరుకు కాబట్టి పొగ నాలుక మీద ఒకేచోట ఘాటుగా తగులుతుంది. తడి, తారు ఆ బెజ్జం దగ్గరే పేరుకుని చేదెక్కుతుంది. మూడోది గాడిలాగా కోయడం. లోపలి పొగాకు కొంచెం ఎక్కువ బయటపడుతుంది, కానీ మొన మొత్తం తెరుచుకోదు. పొగ రావడం మొదటి రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది.

టోపీ దాటి కిందికి కోస్తే పై ఆకు విడిపోతుంది. మొద్దు కత్తితో కోస్తే మొన నలిగి దారి మూసుకుపోతుంది. పళ్లతో కొరికితే పొగాకు నలుసులు నోట్లోకి వస్తాయి. పొగ సరిగా రాకపోతే మనిషి గట్టిగా, మళ్లీ మళ్లీ లాగుతాడు. లాగేకొద్దీ నిప్పు రాజుకుని పొగ వేడెక్కుతుంది. అంటే కోత వల్ల మారేవి పొగ వచ్చే తీరు, వేడి, రుచి. అంతవరకే.

మన చుట్టకి కత్తెర అక్కర్లేదు

మన చుట్టకి ఈ గొడవ లేదు. లోపల పొగాకు పెట్టి, పైన మంచి ఆకు చుట్టి, రెండు కొసలూ కత్తిరించే అమ్ముతారు. తమిళంలో దీన్ని చురుట్టు అంటారు. ఇంగ్లీషు వాళ్ల చెరూట్ అనే మాట అక్కణ్ణుంచి పుట్టిందే.

ఈ అలవాటు పాతదే. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం తీర దేశాలు తిరిగిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ తన పుస్తకంలో దీని గురించి రాశాడు. బీదవాళ్లు ఆకుని చుట్టి, ఒక కొస వెలిగించి, రెండోది పెదాల మధ్య పట్టుకుంటారనీ, పెదాలకి వేడి తగిలేదాకా కాల్చి పారేస్తారనీ అందులో ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల పెద్ద రేవైన మన మచిలీపట్నాన్ని కూడా ఆయన వర్ణించాడు.

రెండు వైపులా తెరిచి ఉన్న చుట్టలో పొగ ధారాళంగా వస్తుంది. పొట్టిదయ్యేకొద్దీ నిప్పు నోటికి దగ్గరవుతుంది, పొగ చల్లబడే దూరం తగ్గుతుంది. అందుకే చివరి దమ్ములు ఘాటుగా, వేడిగా ఉంటాయి.

"లోపలికి పీల్చం కదా?"

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతోంది. సిగరెట్ పొగకి సాధారణంగా ఆమ్ల గుణం ఎక్కువ, అందులోని నికోటిన్ ఎక్కువగా ఊపిరితిత్తుల ద్వారా ఒంట్లోకి పోతుంది. సిగార్, చుట్ట పొగకి క్షార గుణం ఎక్కువ. ఆ నికోటిన్ బుగ్గల లోపలి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. పొగ మింగకపోయినా అలవాటు పట్టుకునేది అందుకే. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లకీ సిగార్‌కీ సంబంధం ఉందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది.

వేడి పొగ ఏం చేస్తుందో ఉత్తరాంధ్ర చూపించింది. విశాఖ, శ్రీకాకుళం తీర పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్నే అడ్డపొగ అంటారు. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కి ఇదే కారణమని 1957లోనే మన వైద్యులు రాశారు. ఆ తర్వాత 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. అంగిట్లో వచ్చే మార్పులకీ అడ్డపొగకీ ఉన్న ముడి అందులోనూ కనబడింది. మామూలుగా చుట్ట కాల్చేవాళ్లకి అంత వేడి తగలదు. అయినా వాళ్లలోనూ అంగిలి తెల్లబడి ఎర్ర చుక్కలు రావడం ఉంది. మానేస్తే చాలామందిలో అది తగ్గుతుంది.

ఇంట్లోవాళ్లు ఏం చూడాలి?

దాదా, నానా నోరు ఒకసారి వెలుతురులో చూడండి. రెండు వారాలైనా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, మింగడానికి ఇబ్బంది, గొంతు మారడం ఉంటే ఆగొద్దు. మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుడివాడ ఏరియా ఆసుపత్రిలోనో చూపించండి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది. నొప్పి లేదని ఊరుకోవడం ప్రమాదం, ఈ మచ్చలు మొదట్లో నొప్పి పెట్టవు.

దీన్ పరంగా చూస్తే, పొగాకుని కొందరు ఉలమాలు మక్రూహ్ అంటే, ఈ కాలపు ఉలమాల్లో చాలామంది హరామ్ అంటున్నారు. తనకు తాను చేటు తెచ్చుకోవడం గురించి సూరా అల్ బఖరా 195వ ఆయత్‌ని ముందుపెడతారు. పచ్చి వెల్లుల్లి తిని మసీదుకి రావద్దన్న హదీసుని పొగ వాసనకీ వర్తింపజేస్తారు. రోజాలో పొగ తాగితే రోజా పోతుందన్నది మాత్రం అందరికీ తెలిసిందే.

మానడానికి రంజాన్ మంచి అదను. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా 13, 14 గంటలు ఉండగలిగిన మనిషికి మానే శక్తి ఉన్నట్టే. కష్టమంతా ఇఫ్తార్ తర్వాతి మొదటి గంటలో. ఆ గంటలో ఆయన్ని ఒంటరిగా వదలకండి. మగ్రిబ్ తర్వాత పిల్లల్ని తోడిచ్చి తరావీహ్‌కి నడిపించండి, చేతికి చుట్టకి బదులు సోంపు, లవంగం ఇవ్వండి. సాయం కావాలంటే జాతీయ పొగాకు మాన్పించే ఉచిత ఫోన్ నంబర్ 1800-11-2356.

దావత్‌లో సిగార్ పట్టుకున్న కుర్రాడికి చెప్పాల్సింది ఒక్కటే. ఏ కట్టర్‌తో కోసినా ఆ పొగ మొదట తగిలేది నీ నోటికే బేటా.