బొమ్మ రైలుకు మరచేయి

గూడూరు జంక్షనులో షంటింగు జరుగుతుండగా ఎప్పుడైనా నిలబడి చూచారా? చెన్నై దారి, విజయవాడ దారి, రేణిగుంట దారి కలిసే చోటు అది. మా కోట వాళ్లం రైలెక్కాలంటే అక్కడికే పోతాం. బండి కోసం ఎదురుచూస్తూ నేను చాలాసార్లు గమనించిన పని ఒకటున్నది: ఇంజనును పెట్టెలనుండి విడదీయడం.

పాతకాలపు మర కప్లింగు ఉన్న బండ్లలో ఈ పని ఇట్లా జరుగుతుంది. ముందు ఇంజను కొంచెం వెనక్కు నెట్టి ఆగుతుంది. రెండు పక్కల ఉన్న బఫర్లు నొక్కుకొని, అంతవరకు బిగిసి ఉన్న లింకు వదులవుతుంది. అప్పుడు పాయింట్స్‌మన్ వంగి రెండింటి మధ్యకు దూరి, మరను తిప్పి, లింకును కొక్కెంమీదనుండి ఎత్తి దించుతాడు. బ్రేకు గొట్టాలు కూడా విప్పి బయటికి వచ్చి సైగ చేసిన తరువాతనే ఇంజను కదలాలి. ముందుగా కదిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 2024 నవంబరులో బీహారులోని బరౌనీ స్టేషనులో ఒక రైల్వే ఉద్యోగి ఇంజనుకు, పెట్టెకు నడుమ నలిగి చనిపోయాడు.

మనిషి మధ్యకు పోకుండా బండ్లను కలపాలి, విడదీయాలి అన్న ఆలోచన పాతదే. అమెరికాలో ఈలై జానీ అనే ఆయన 1873లో పిడికిలివంటి కప్లింగుకు పేటెంటు పొందాడు. రెండు బండ్లు తాకగానే పిడికిళ్లు ఒకదానినొకటి పట్టుకొంటాయి. పక్కనున్న కడ్డీని ఎత్తితే విడిపోతాయి. 1893లో అక్కడి శాసనసభ ఇటువంటి కప్లింగులను చట్టంచేత తప్పనిసరి చేసింది. కృష్ణపట్నం రేవుకు పోయే బొగ్గు వ్యాగన్లకూ, ఎల్.హెచ్.బి. పెట్టెలకూ ఉన్నది ఈ జాతి కప్లింగే. అయినా బ్రేకు గొట్టాలు, కరెంటు తీగలు విప్పడానికి మనిషి లోపలికి పోవడం ఇంకా మిగిలే ఉన్నది.

ఇక బొమ్మ రైలు సంగతి. ఇందులో ప్రాణాపాయం లేదుగాని, చిక్కు మాత్రం అదే. బల్లమీద పట్టాలు పరచి, స్టేషను కట్టి, చెట్లు నాటి, బండిని సొగసుగా తెచ్చి ఆపుతాం. తీరా ఇంజను విడిపోవలసివచ్చేసరికి, ఆకాశంనుండి ఏనుగంత చేయి ఒకటి దిగి పెట్టెను ఎత్తి పక్కన పెడుతుంది! అంతవరకు నిజమని నమ్మిన పిల్లవాడు ఒక్కసారి నవ్వేస్తాడు. ఆ చేయి చేసే పనిని పట్టాల కిందినుండి ఒక చిన్న యంత్రంచేత చేయించడం ఎట్లాగో ఇప్పుడు చూద్దాం.

16.5 మిల్లీమీటర్ల పట్టాలమీద నడిచే బొమ్మ బండ్లు ఎక్కువగా రెండు జాతులు. ఒక జాతికి పైన చెప్పిన పిడికిలి కప్లింగు, దానికి కిందికి వేలాడే ఉక్కు సూది ఉంటాయి. దానిని అయస్కాంతంతో విడదీస్తారు. రెండవ జాతికి ఎదురుగా ఒక అడ్డుకడ్డీ, దానిని తగులుకొనే కొక్కెం, కొక్కెం కింద చిన్న తోక ఉంటాయి. తోకను కిందినుండి పైకి నెడితే కొక్కెం లేస్తుంది, బండ్లు విడిపోతాయి. మనం రెండవ జాతిని తీసుకొందాం. పట్టాల నడుమ ఒక సన్నని పలక ఉండి, కావలసినప్పుడు లేచి తోకలను నెట్టి, పని కాగానే దిగిపోవాలి. ఎప్పుడూ పైకే ఉంచితే ఏమని అడగవచ్చు. దాని మీదుగా పోయే ప్రతి బండీ ఎక్కడ కాస్త వదులైతే అక్కడ తెగిపోతుంది.

ఈ పలకను మామూలు మోటారుతో ఎత్తవచ్చునుగదా? ఎత్తవచ్చు, కాని అది ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. కరెంటు ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. సర్వో అట్లా కాదు. అగ్గిపెట్టెకన్న చిన్నదైన ఆ ప్లాస్టిక్ డబ్బాలో ఒక మోటారు, దాని వేగాన్ని తగ్గించే పళ్లచక్రాలు, చివరి ఇరుసుకు తగిలించిన పొటెన్షియోమీటరు, ఒక చిన్న విద్యుత్ వలయం ఉంటాయి. ఇరుసు తిరిగినకొద్దీ పొటెన్షియోమీటరులోని వోల్టేజి మారుతుంది. వలయం దానిని చూచి, మనం కోరిన కోణానికి, ఇప్పుడున్న కోణానికి ఎంత తేడా ఉన్నదో లెక్కగట్టి, ఆ తేడా పోయేవరకు మోటారును ఇటో అటో తిప్పుతుంది. ఫలితాన్ని మళ్లీ మొదటికి తెచ్చి సరిచూచుకొనే ఈ పద్ధతిని పునర్నివేశం అంటారు. కుండలోకి నీళ్లు వంచేటప్పుడు మన కన్ను చేసే పని ఇదే.

దీని పూర్వచరిత్ర ముచ్చటైనది. గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌక ఉండేది. 1870లో బొంబాయికి, ఏడెన్‌కు మధ్య సముద్రగర్భంలో తంతి తీగ పరచిన ఓడ అదే. దాని చుక్కానిని తిప్పడం మనుషుల తరం కాకపోతే, మాక్‌ఫర్లేన్ గ్రే అనే ఇంజనీరు ఆవిరి యంత్రాన్ని అమర్చాడు. నావికుడు చక్రాన్ని ఎంత తిప్పితే చుక్కాని అంతే తిరిగి ఆగేటట్లు 1866లో చేసిన ఏర్పాటు అది. కొన్నేళ్లకు, 1873లో, ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కో ఇటువంటి యంత్రాలకు సర్వోమోటారు అని పేరుపెట్టాడు. లాటిన్ భాషలో సర్వస్ అంటే దాసుడు. అంతటి ఓడను నడిపిన సూత్రమే నేడు 9 గ్రాముల బొమ్మ సర్వోలో ఉన్నది.

సర్వోకు మూడు తీగలు. ఎరుపుది 5 వోల్టులకు, గోధుమరంగుది భూమికి, నారింజరంగుది ఆజ్ఞకు. ఆజ్ఞ అంటే సెకనుకు 50 సార్లు పంపే చిన్న విద్యుత్ పల్సు. పల్సు ఎంతసేపు ఉన్నదనే దానిని బట్టి కోణం నిర్ణయమవుతుంది. 1.5 మిల్లీసెకన్లయితే ఇరుసు నడిమికి వస్తుంది. సుమారు 0.1 మిల్లీసెకను తేడాకు 9 డిగ్రీలు జరుగుతుంది. ఈ పల్సులను పంపడానికి ఆర్డ్యూనోవంటి చిన్న మైక్రోకంట్రోలరు పలక చాలు. అయితే సర్వోకు కరెంటును ఆ పలకనుండి తీయకండి. మొరాయించినప్పుడు సర్వో కొన్ని వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. వేరే 5 వోల్టుల సరఫరా పెట్టి, రెండింటి భూమి తీగలను మాత్రం కలపాలి. సర్వో దగ్గరగా 470 మైక్రోఫారడుల కెపాసిటరు ఒకటి ఉంటే మంచిది.

ఇప్పుడు అమరిక. చోటు తిన్నని, చదునైన పట్టామీద ఉండాలి. వంపులో కొక్కేలు పక్కకు జరిగిపోతాయి. పలకను ప్లాస్టిక్ రేకుతో 4, 5 సెంటీమీటర్ల పొడవున కోసి, రెండు కొసలూ ఏటవాలుగా అరగదీయాలి. లోహపు రేకు వాడితే చక్రాలకు తగిలి షార్టు కావచ్చు. పలక అడుగున నిలువు చువ్వ ఒకటి అంటించి, దానిని బల్లకు తొలిచిన రంధ్రంలోని గొట్టంగుండా కిందికి దించాలి. సర్వోను బల్ల అడుగున బిగించి, దాని చేతిని చువ్వకు తగిలించాలి. సర్వో చేయి ఇరుసునుండి 10 మిల్లీమీటర్ల పొడవుండి, అడ్డంగా ఉన్న స్థితినుండి 30 డిగ్రీలు లేస్తే, చువ్వ 5 మిల్లీమీటర్లు పైకి పోతుంది. 30 డిగ్రీల సైను సగమని బడిలో చదివినది ఇక్కడ పనికివచ్చింది. అదే సమయంలో చేతి కొస 1.3 మిల్లీమీటర్లు పక్కకు కూడా జరుగుతుంది గనుక, చువ్వ దూరే బెజ్జాన్ని కొంచెం కోలగా తొలవండి. లేకుంటే చువ్వ గొట్టంలో పట్టుకొంటుంది. దిగినప్పుడు పలక పట్టా తలకన్న కిందుగా ఉండాలి. లేచినప్పుడు ఎంత ఎత్తు కావాలో మీ బండి కొక్కేన్నే అడగండి.

చేతిని బిగించే ముందు సర్వోకు 1.5 మిల్లీసెకన్ల పల్సు పంపి నడిమికి తెచ్చుకోవాలి. నేను మొదటిసారి ఇది మరచాను. స్విచ్చి వేయగానే చేయి గిర్రున తిరిగి బల్లకు తన్నుకొని, గీమని మూలిగి, పళ్లు ఊడి ఊరుకొన్నది. పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకు ఇంకొక మాట. మా కోటలో ఉప్పుగాలికి మామూలు ఇనుప తీగ ఒక వానాకాలం గడిచేసరికి గరుకెక్కి గొట్టంలో కదలదు. తుప్పుపట్టని ఉక్కుతో చేసిన సైకిలు చక్రపు చువ్వ, ఇత్తడి గొట్టం నాకు బాగా పనికివచ్చాయి. నూనె వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

సర్వో తన సహజ వేగంతో 30 డిగ్రీలను సెకనులో ఇరవయ్యోవంతులోనే తిరుగుతుంది. అది ఎత్తడం కాదు, కొట్టడం. తేలిక పెట్టె ఎగిరి పట్టా తప్పుతుంది. కాబట్టి ప్రోగ్రాములో ఒక్కొక్క డిగ్రీకి 25 మిల్లీసెకన్లు ఆగుతూ పోవాలని రాయాలి. అప్పుడు పలక ముప్పావు సెకనులో నెమ్మదిగా లేస్తుంది. మీట నొక్కి ఉంచినంతసేపే పలక పైన ఉండి, వదలగానే దిగేటట్లు పెట్టుకొంటే దానిని పైనే మరచిపోయే ప్రమాదం ఉండదు. దిగిన తరువాత పల్సులు ఆపివేస్తే సర్వో ఊరక గుయ్యిమనదు. స్విచ్చి వేసినప్పుడు కొన్ని సర్వోలు ఒకసారి ఉలికిపడతాయి గనుక ఆ సమయంలో పలకమీద బండి ఉంచకండి.

ఇంత చేసినా మొదటిరోజు చాలామందికి బండి విడిపోదు. పలక లేస్తుంది, తోకలు లేవవు, పెట్టె మొత్తం పైకి లేస్తుంది. తప్పు సర్వోది కాదు. ఇంజను లాగి ఆపినప్పుడు కొక్కేలు అడ్డుకడ్డీలను బిగించి పట్టుకొని ఉంటాయి. గూడూరులో ఇంజను మొదట వెనక్కు ఎందుకు నెట్టిందో ఇప్పుడు జ్ఞాపకం చేసుకోండి. కప్లింగు సరిగా పలకమీదికి వచ్చేటట్లు ఆపి, ఇంజనును రెండు మిల్లీమీటర్లు వెనక్కు నెట్టి ఆపండి. వదులు దొరుకుతుంది. అప్పుడు మీట నొక్కి, పలక పూర్తిగా లేచిన తరువాత ఇంజనును మెల్లగా ముందుకు పోనివ్వండి. పెట్టెలు ఉన్నచోటనే నిలుస్తాయి.

కార్తీకపు వానల్లో చెక్కబల్ల తేమ పీల్చి ఉబ్బుతుంది. పలక ఎత్తు కొంచెం మారి, నిన్న విడిపోయిన బండి ఈరోజు విడిపోకపోవచ్చు. అప్పుడు మరలు విప్పవలసిన పని లేదు. ప్రోగ్రాములో 30 ఉన్నచోట 33 వేసి చూడండి. ఎండలు ముదిరిన తరువాత మళ్లీ 30కి తెచ్చుకోవచ్చు.