వార్తల్లో పదం: కంట్రోల్ గ్రూప్

పటాన్‌చెరు పరిశ్రమల పక్క ఊళ్లలో జబ్బులు ఎక్కువ అంటారు. దేనికంటే ఎక్కువ? ఆ జవాబు కోసం పెట్టుకునేదే కంట్రోల్ గ్రూప్, అంటే పోల్చి చూడటానికి ఎంచుకున్న జనం.

2004లో గ్రీన్‌పీస్ అప్పటి మెదక్ జిల్లా ప్రజారోగ్యంపై ఇచ్చిన నివేదిక అదే పద్ధతిలో సాగింది. కాలుష్యం బారిన పడ్డ పటాన్‌చెరు ప్రాంత గ్రామాలను ఆ బెడద లేని గ్రామాలతో పోల్చింది. అయితే వయసు, ఆదాయం, అలవాట్లు రెండు వైపులా దగ్గరగా ఉంటేనే పోలిక నిలుస్తుంది. బీడీ తాగేవాళ్లు ఒకవైపే ఎక్కువుంటే దగ్గునంతా ఫ్యాక్టరీ పొగ ఖాతాలో వేయలేం.

పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్‌లో ఇంకో చిక్కుంది. ఇక్కడి అద్దె గదుల్లో ఉండేది ఎక్కువగా వలస కార్మికులే. ఒంట్లో బాగోలేనివాళ్లు సొంతూరికి వెళ్లిపోతే సర్వే నాటికి మిగిలేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. అప్పుడు లెక్కల్లో జబ్బు అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది.

ఒక్కసారి చేసే సర్వేకు ఈ పరిమితి తప్పదు. ఏళ్ల తరబడి అవే మనుషుల్ని వెంబడిస్తే చిత్రం మారుతుంది. హైదరాబాద్ దగ్గర 29 గ్రామాల్లో 1987–90 మధ్య అదే మొదలైంది: 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం, 14 ఊళ్లు కంట్రోల్. కౌమారం నాటికి మొదటి ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు.

పటాన్‌చెరు, ఇస్నాపూర్ జనానికీ ఊరు మారినా వదలకుండా వెంబడించే అలాంటి అధ్యయనం కావాలి.