ఆంగ్లపరీక్షయందు సమాధానక్రమము

అన్నము, పప్పు, కూర, పులుసు, పరమాన్నము అన్నియు రుచిగానే వండి, వానినెల్ల నొక్క గిన్నెలో గలిపి యతిథి ముందుంచిన యిల్లాలిని మెచ్చువా రుందురా? వంటలో లోపము లేదు. లోపము వడ్డనలో నున్నది. ఆంగ్లభాషాపరీక్షలకు మన బాలికలు వ్రాయు సమాధానములు పెక్కు ఈ తీరుననే యుండుచున్నవి. భాష వచ్చును, భావములు గలవు; క్రమము మాత్రము కానరాదు. ఆ క్రమమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

విదేశములలో చదువుటకు గాని, నర్సుగా పనిచేయుటకు గాని పోదలచిన యువతులు తమ ఆంగ్లభాషాజ్ఞానమును నిరూపింపవలసి యుండును. అందుకై యేర్పడిన పరీక్షలలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను పేరు మన తెలుగునాట తరచుగా వినబడుచున్నది. 1989లో నారంభమైన యీ పరీక్షకు వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగంగములు. ప్రతి యంగమునకును 9 వరకు బ్యాండు లిత్తురు. అరబ్యాండు కూడ లెక్కకు వచ్చును. తక్కిన మూడిటను గట్టెక్కి, వ్రాతలో అరబ్యాండు తగ్గి నిలిచిపోయిన బాలికలను మే మెరుగుదుము. ఆ యరబ్యాండునకై మరల రుసుము చెల్లింపవలెను. కళాశాలలో చేరు గడువు దాటినచో నొక సంవత్సరము పోవును. ఆ రుసుము తల్లి గాజులు తాకట్టుపెట్టి తెచ్చినదైనచో ఆ యిల్లు పడు బాధ చెప్ప నలవి గాదు.

బ్రిటన్‌లో నర్సుల నమోదు చూచు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిలువారు సైతము 2018లో, వ్రాతకు వలసిన బ్యాండును 7 నుండి 6.5కు దించి, తక్కిన మూడిటికి 7 అట్లే యుంచిరి. వ్రాత యెల్లవారికిని ఎంత కఠినమో దీనిచేతనే తెలియగలదు.

వ్రాతపరీక్షకు కాలము 60 నిమిషములు, ప్రశ్నలు రెండు. మొదటిదానికి కనీసము 150 మాటలు వ్రాయవలెను. ఉన్నతవిద్యకు బోవువారి పత్రమున పట్టికయో, రేఖాచిత్రమో యిచ్చి వర్ణింపు మందురు; రెండవ తరగతి పత్రమున జాబు వ్రాయింతురు. రెండవ ప్రశ్నకు కనీసము 250 మాటల వ్యాసము. దీనికి మొదటిదానికంటె రెట్టింపు విలువ. దిద్దువారు నాలుగు విషయములు చూతురు. అడిగినదానికే సమాధానము చెప్పబడెనా? వాక్యములును పేరాలును ఒకదానితో నొకటి పొందియున్నవా? పదసంపద యెట్టిది? వ్యాకరణ మెట్టిది? ఈ నాలుగును సమానములే. అనగా సగము విలువ చెప్పిన విషయమునకును, చెప్పిన క్రమమునకును గలదు. పదముల కున్నది నాలుగవ వంతు మాత్రమే.

ఇది యెరుగక మన బాలికలు చేయుచున్న దేమి? పెద్ద పెద్ద మాటలను, ఎవరో వ్రాసి యిచ్చిన వ్యాసములను వల్లెవేయుచున్నారు. వల్లెవేసిన వ్యాసమును దిద్దువారు కనిపెట్టగలరు. అట్టిదానికి బ్యాండు తగ్గును. మరికొందరు ప్రతి వాక్యమునకు ముందు ‘మోరోవర్’ అనియో, ‘ఫర్దర్‌మోర్’ అనియో చేర్చుదురు. శ్లోకమున నక్షరములు చాలనప్పుడు కుకవి చ, తు, హి, వై అని పూరించుట మన మెరిగినదే. పాదము నిండును గాని యర్థము పెరుగదు. ఇదియు నంతియే.

మరి క్రమ మనగా నేమి? ఇది సముద్రము దాటి వచ్చిన క్రొత్తవిద్య కాదు. గౌతముని న్యాయశాస్త్రమున, ఒరుల నొప్పించు వాక్యమునకు అయిదవయవములు చెప్పబడినవి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున జూపిన దృష్టాంతము మన వంటయింటిదే. కొండమీద నిప్పున్నది, ఇది ప్రతిజ్ఞ. ఏలన, పొగ కనబడుచున్నది; ఇది హేతువు. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింట వలె, ఇది యుదాహరణము. ఈ కొండపైనను అట్టి పొగయే కలదు, ఇది యుపనయము. కావున కొండమీద నిప్పున్నది, ఇది నిగమనము. ఆంగ్లవ్యాసమున ఒక్కొక్క పేరాకు వలయునవి యీ యయిదే. ఆ పరీక్షాపత్రమే కారణములు చెప్పుమనియు, స్వానుభవము నుండి గాని యెరిగినదాని నుండి గాని యుదాహరణము లిమ్మనియు కోరుచున్నది. హేతూదాహరణములు గాక యివి మరేమి?

ఒక ప్రశ్న గైకొందము: బడిలో బాలబాలికలందరకును వంట నేర్పవలెను; దీనికి నీ వెంతవరకు సమ్మతింతువు? క్రమ మెరుగని బాలిక, ఆహారము మానవున కత్యవసరమని యారంభించి, అనాదికాలమును వర్ణించి, పేరా ముగిసినను తన యభిప్రాయము చెప్పదు. బడి మాట రాదు, బాలుర మాట రాదు. భాషలో తప్పు లేకున్నను అడిగినదానికి జవాబు లేదు.

క్రమ మెరిగిన బాలిక మొదటి పేరాలో ప్రశ్నను తన మాటలలో జెప్పి, తాను సమ్మతింతు ననియు, వారమున కొక గంట చాలుననియు వెంటనే తేల్చును. రెండవ పేరాలో తన మొదటి కారణము నెత్తుకొనును. వంట నేర్చినవాడు పరాధీనుడు గాడు. ఏలన, చదువునకై యూరు విడిచినవాడు తన భోజనమును తానే చూచుకొనవలెను. పట్నమున గది తీసికొని చదువు బాలుడు అన్నము వార్చుట రాక, పూటపూటకు హోటలు తిండి తిని డబ్బును, ఆరోగ్యమును పోగొట్టుకొనును. నేడు బడిలో నున్న బాలురలో ననేకులకు రేపు పట్టునది యీ గతియే. కావున ఈ విద్య బడిలోనే యారంభింపవలెను. చూడుడు, అయిదవయవములును అయిదు వాక్యములలో నమరినవి. మూడవ పేరాలో గంటకు మించరాదనుటకు కారణము నిదేరీతిని చెప్పును. చివరి పేరాలో క్రొత్తమాట యేదియు తేక, మొదట జేసిన ప్రతిజ్ఞనే స్థిరపరచి ముగించును.

రెండు పక్షములను చర్చించి నీ మతము తెల్పుమని యడిగినప్పుడు మీమాంసకుల పద్ధతి యక్కరకు వచ్చును. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అనునది వారి క్రమము. పూర్వపక్షమును బలహీనముగా జెప్పి త్రోసివేయుట పాండిత్యము గాదు. ఆ పక్షమువాడు తన మాట నెంత బలముగా జెప్పునో అంత బలముగా జెప్పి, పిమ్మట సిద్ధాంతము చేయవలెను. ఒక పక్షమును మరచి రెండవదానినే పొగడినచో సగము ప్రశ్నకే సమాధాన మగును. ఇక కారణములును, నివారణోపాయములును అడిగినచో, రోగమున కొక మందు వలె ఏ కారణమున కా యుపాయము సరిపడవలెను.

కాలమును గూడ కొలిచి వాడవలెను. మొదటి ప్రశ్నకు 20 నిమిషములు, రెండవదానికి 40 చాలును. ఆ 40లో మొదటి 5 నిమిషములు కలము పరుగెత్తనీయక, ప్రతిజ్ఞను, రెండు హేతువులను, రెండుదాహరణములను చిత్తుగా గుర్తు వేసికొనవలెను. చివరి 5 నిమిషములు చదివి దిద్దుకొనుటకు. మాటలాడు పరీక్షలోను ఒక విషయ మిచ్చి, ఆలోచించుటకు ఒక్క నిమిషమే యొసగి, రెండు నిమిషములవరకు మాటలాడు మందురు. ఆ నిమిషమునను ఇట్టి గుర్తులే శరణ్యములు.

క్రమ మొక్కటి యున్న చాలునని మేము చెప్పుట లేదు. వ్యాకరణము నిత్యాభ్యాసమున గాని రాదు. మంచి ఆంగ్లము చదువక మంచి ఆంగ్లము వ్రాయుట కలుగదు. అయినను సోదరీమణులారా, ఆంగ్లము రాని తల్లి ఈ పరీక్షకు బిడ్డకు సాయపడలేదను మాట సత్యము గాదు. అమ్మాయి వ్యాసము వ్రాయుటకు ముందు దగ్గర కూర్చుండబెట్టుకొని, తెలుగుననే యడుగుడు: నీ వేమందువు? ఏల? ఎక్కడ చూచితివి? దానికిని దీనికిని పొత్తేమి? కావున తేలిన దేమి? ఏ ప్రశ్నవద్ద ఆమె తడబడునో, ఆమె వ్యాసమును అచ్చటనే కుంటువడును. ఆ చోటును ముందుగా జూపినచో, వ్రాయునప్పుడు ఆమె దానిని తానే చక్కదిద్దుకొనగలదు.