గినీ చేయు మాత్రల డబ్బీ

“డబ్బీ యొక్కటి గినీ చేయును” — విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండునందు పత్రికలలోను, గోడలమీదను కానవచ్చిన ప్రకటన యిది. గినీ యనగా 21 షిల్లింగులు. సరకు బీచమ్ మాత్రలు. వీనిని వెలయించిన థామస్ బీచమ్ (1820–1907) బాల్యమున గొఱ్ఱెలు కాచినవాడు. తలనొప్పి, కడుపుబ్బరము, నిద్రలేమి మొదలగు పెక్కు బాధలకు ఈ మాత్రలే మందని ప్రకటనలు చాటుచుండెను.

డబ్బీ వెల 1 షిల్లింగు 1½ పెన్నీ. ఇందు 1½ పెన్నీ ప్రభుత్వపు స్టాంపు సుంకము. ఆ స్టాంపును జూచి, సర్కారువారే మందును పరీక్షించి యొప్పుకొనిరని పలువురు భ్రమపడుచుండిరి. అది పన్ను కట్టినందులకు గుర్తే కాని మందు గుణమునకు పూచీ కాదు.

1909లో బ్రిటిషు వైద్యసంఘమువారు ఇట్టి రహస్యౌషధములను పరీక్ష చేయించి ఫలితములను గ్రంథముగా ప్రకటించిరి. బీచమ్ మాత్రలలో తేలినవి ముసాంబరము, శొంఠి, సబ్బు. వీనిలో ముసాంబరము విరేచనకారి యగుట నిజమే. కాని 56 మాత్రలకు పట్టిన దినుసుల వెల సుమారు అర ఫార్దింగు. పెన్నీకి 4 ఫార్దింగులు గనుక, కొన్నవాడిచ్చిన సొమ్ములో నది 108వ వంతు. తక్కినది తయారీకి, పన్నునకు, ప్రకటనలకు, లాభములకు పోయెను.

మందులోని దినుసులను పైన తెలుపవలెనను చట్టము ఆ దేశమున 1941లో గాని రాలేదు.

రైతు సోదరులారా! మందైనను, ఎరువైనను కొనునపుడు పైన ముద్రించిన దినుసుల వివరమును చదువుడు. చదువరానివారు సంఘ కార్యదర్శిచే చదివించుకొనుడు. లోని సరకు నెఱిగిన పిదపనే వెల నిండు.