పట్టువదలని పళ్ళచక్రం

మోటారుకారు ఇంజను ఎంత బలమైనదో మనకు తెలుసు. నలుగురు మనుషులనూ, వారి సామానునూ మోసుకుని కొండలెక్కుతుంది. కాని ఆ ఇంజను తనంతట తాను మేలుకోలేదు! ఎవరో ఒకరు దాన్ని మొదట కొన్ని చుట్లు తిప్పాలి. అప్పుడుగాని లోపలికి గాలీ, పెట్రోలూ వెళ్ళి, నిప్పు అంటుకుని, అది సొంతంగా తిరగదు.

పూర్వం ఈ పని మనిషే చేసేవాడు. కారు ముందుభాగంలో ఒక ఇనప హాండిలు దూర్చి, బలమంతా పెట్టి తిప్పేవాడు. ఒక్కొక్కప్పుడు ఇంజను ఎదురుతిరిగి హాండిలును వెనక్కు తన్నేది. అలా చేతులు విరిగినవాళ్ళు ఎందరో! అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు ఈ బాధ తప్పించాడు. ఆయన తయారుచేసిన స్టార్టరు మోటారు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది.

ఈ స్టార్టరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇంజను వెనక ఒక పెద్ద చక్రం ఉంటుంది. దాని అంచు చుట్టూ సుమారు నూరో, అంతకు పైగానో పళ్ళుంటాయి. స్టార్టరు కొసన ఉండే చిన్న చక్రానికి పదో, ఆ ప్రాంతమో పళ్ళుంటాయి. దీన్ని పినియను అంటారు. పినియను పది పదిహేను చుట్లు తిరిగితే పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే చిన్న మోటారు అంత పెద్ద ఇంజనును కదిలించగలుగుతున్నది.

చాలా కార్లలో స్టార్టరు నెత్తిన సోలినాయిడు అనే డబ్బా వంటిది ఉంటుంది. దానిలో రాగితీగ చుట్ట, మధ్య ఒక ఇనప కడ్డీ ఉంటాయి. డ్రైవరు తాళంచెవి తిప్పగానే తీగచుట్ట అయస్కాంతమై కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ ఒకే ఊపులో రెండు పనులు చేస్తుంది. పినియనును ముందుకు తోసి, పెద్ద చక్రం పళ్ళలో కలుపుతుంది. వెంటనే ఒక రాగి బిళ్ళను రెండు లావు మొలలకు ఆనించి, బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు పంపుతుంది. నూరు ఆంపియర్లకు మించిన కరెంటు అది!

ఇంజను అందుకోగానే డ్రైవరు తాళంచెవి వదిలేస్తాడు. అయస్కాంతశక్తి పోతుంది. స్ప్రింగు కడ్డీని వెనక్కు నెడుతుంది. పినియను తప్పుకుంటుంది.

కాని, తాళంచెవి వదిలినా పినియను వదలకపోతే? ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగినప్పుడు పినియను 30,000 చుట్లకు పైగా తిరగవలసివస్తుంది! మోటారు కూడా అంత వేగంగా తిరిగితే చెదిరిపోతుంది. అందుకని పినియనులో సైకిలు ఫ్రీవీలు వంటి ఏర్పాటు ఉన్నది. పల్లంలో సైకిలు పోతుంటే తొక్కకపోయినా చక్రం తిరుగుతుంది కదా, అలాగే పినియను తిరిగినా మోటారు దానివెంట పరుగెత్తదు. అయితే ఈ రక్షణ కొద్దిసేపటికే. మోటారుకు కరెంటు ఆగకపోతే తీగలు కాలిపోతాయి. నిప్పు కూడా అంటుకోవచ్చు. కారు గేరులో ఉంటే, డ్రైవరు లేకుండానే ముందుకు కదలవచ్చు!

ఇటువంటి కారు ఒక మెకానిక్ దగ్గరికి వచ్చిందనుకోండి. తెలివైనవాడు చూడగానే కొత్త స్టార్టరు తెమ్మనడు. మొదట ఇంజను ఆపేస్తాడు. అప్పటికీ మోటారు తిరుగుతుంటే, ముఖం దూరంగా పెట్టుకుని, బ్యాటరీ నెగెటివు తీగ ఊడదీస్తాడు. మోటారును చల్లారనిస్తాడు. గేరు న్యూట్రలులో పెట్టి, చేతిబ్రేకు వేస్తాడు.

తరువాత, "ఆజ్ఞ ఎక్కడ ఆగలేదు?" అని ఆలోచిస్తాడు. తాళంచెవి స్విచ్చి రిలేకు చెబుతుంది. రిలే సోలినాయిడుకు చెబుతుంది. సోలినాయిడు మోటారుకు చెబుతుంది. మెకానిక్ సోలినాయిడుకు వచ్చే సన్నతీగను ఊడదీసి, బ్యాటరీ తీగను ఒక్క క్షణం తాకిస్తాడు. మోటారు తిరిగిందా, దోషి సోలినాయిడే! ఆజ్ఞ రాకుండానే తిప్పుతున్నదంటే, రాగి బిళ్ళ మొలలకు అతుక్కుపోయి ఉండాలి, లేదా కడ్డీ ఇరుక్కుని ఉండాలి.

మోటారు తిరగలేదనుకోండి. అప్పుడు బ్యాటరీని కలిపి, సన్నతీగ కొసకు చిన్న పరీక్షదీపం తగిలిస్తాడు. తాళంచెవి తీసి ఉన్నా దీపం వెలిగితే, ఆజ్ఞ పైనుంచి ఇంకా వస్తున్నదన్నమాట. రిలేను లాగేసి, దానికి స్విచ్చి నుంచి వచ్చే తీగను చూస్తాడు. అందులో కరెంటు ఉంటే తప్పు స్విచ్చిది. లేకపోతే రిలే లోపల అతుక్కున్నది. తాళంచెవికి బదులు మీట నొక్కే కొత్త కార్లలో ఈ ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరు.

దీపం వెలగదు, మోటారు తిరగదు. అయినా ఇంజను నడిచేటప్పుడు పళ్ళు గీరుకునే చప్పుడు వస్తుంది. అలా అయితే లోపం కరెంటుది కాదు. స్ప్రింగు బలం తగ్గి ఉండవచ్చు. మడ్డి పట్టి పినియను జారలేకపోవచ్చు. బోల్టులు వదులై స్టార్టరు ఓరగా కూర్చుని ఉండవచ్చు. ఇప్పుడు స్టార్టరు విప్పి చూడవలసిందే.

పని ఇంతటితో అయిపోలేదు. రాగి బిళ్ళ అసలెందుకు అతుక్కున్నది? తరచు దీనికి కారణం నీరసించిన బ్యాటరీ! దానిలో సత్తువ లేనప్పుడు అయస్కాంతం బిళ్ళను గట్టిగా పట్టి ఉంచలేదు. బిళ్ళ టకటకమని కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ నిప్పురవ్వలు లేచి, రాగి కరిగి, చివరకు అతుక్కుంటుంది. ఈ సంగతి గ్రహించకుండా కొత్త సోలినాయిడు వేస్తే, కొద్దికాలానికి దానికీ అదే గతి పడుతుంది. యజమానికి ఖర్చు రెండింతలు!

పిల్లలూ, ఈ పరీక్షలు పని తెలిసిన పెద్దవాళ్ళు చేయవలసినవి. మీరు చెయ్యి పెట్టకండి. కాని మీ చెవులు చురుకైనవి. ఇంజను అందుకున్న తరువాత కూడా కీచుమనే చప్పుడు ఆగకపోతే, ఇంజను వెంటనే ఆపమని పెద్దవాళ్ళతో చెప్పండి.