థార్ కొన్నాక మొదటి యాభై వేలు దేనికి?

కొత్తగా ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లందరిదీ ఒకటే వరస. డెలివరీ తీసుకున్న వారానికే ముందు ఇనుప బంపర్, పైన లైట్ల బార్, ఆపైన రూఫ్ టెంట్. ఇన్‌స్టాలో రీల్ అదిరిపోతుంది. అదే బండి రాజవొమ్మంగి దాటి కొండల్లోకి మళ్లిందనుకోండి, వెనక నుంచి డజను మందిని ఎక్కించుకున్న ఓ పాత సర్వీసు జీపు హారన్ కొట్టి దాటిపోతుంది. దానికి లైట్ల బార్ లేదు. టైర్లు బాగుంటాయి, బ్రేకులు పడతాయి, సీటు కింద ఓ తాడు, ఓ పార ఉంటాయి. అంతే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వంద బగ్స్ ఉంటే ముందు ఏది సరిచేయాలో తేల్చడమే మా ఉద్యోగంలో సగం. నా థార్‌కీ అదే లెక్క పెట్టాను. కొనాలనుకున్న ప్రతి వస్తువుకీ ఒకటే ప్రశ్న: ఇది లేకపోతే నేను ఇంటికి తిరిగి రాగలనా? రాగలనంటే అది లిస్టులో కిందికి పోతుంది. ఇలా చూస్తే లైట్ల బార్ ఎక్కడుంటుందో మీకే తెలుస్తుంది.

ఈ లెక్క సరిచూసుకోవడానికి రాజవొమ్మంగి మంచి చోటు. ఒకవైపు అడ్డతీగల, రంపచోడవరం. మరోవైపు కృష్ణదేవిపేట, కొయ్యూరు, ఆ పైన చింతపల్లి, లంబసింగి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది ఇక్కడే. అదీ ఈ కొండదారుల్లో. (ఫోర్ వీల్ డ్రైవ్ గురించి గొప్పలు పోయేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే నాకు కాస్త సిగ్గేస్తుంది.) మెయిన్ రోడ్డు మీద తిరగడానికి మామూలు కారు చాలు. అసలు కథ పక్కకి తిరిగాకే. ఎర్రమట్టి, గుండ్రాళ్లు, మలుపు తిరగ్గానే అడ్డంగా గెడ్డ.

మొదటి ఖర్చు టైర్ల మీదే. అంటే కొత్త టైర్లు కొనమని కాదు. షోరూంలో వచ్చినవి అరిగేదాకా వాడండి. ముందు ఓ మంచి గాలి గేజ్, పన్నెండు వోల్టుల కంప్రెసర్, పంక్చర్ కిట్ కొనండి. కొన్ని వేలల్లో పని అయిపోతుంది. తారు రోడ్డు మీద కంపెనీ చెప్పినంత గాలి ఉండాలి. రాళ్లూ బురదా మొదలయ్యే చోట ఆగి 20, 22 పీఎస్‌ఐకి దించితే టైరు నేలకి ఇంకాస్త వెడల్పుగా ఆనుకుంటుంది. పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. మరీ కిందికి దించితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి. కంప్రెసర్ అందుకే. పాతవి అరిగాక అదే సైజులో ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించుకోండి. ఐదోదీ, అంటే స్టెప్నీ కూడా. మడ్ టెర్రెయిన్ చూడ్డానికి బాగుంటుంది కానీ మనం కొండ చేరేదాకా నడిపేది తారు మీద. ఆ మోత భరించలేం.

రెండోది బ్రేకులు. రీల్‌లో కనిపించవు కాబట్టి వీటిని ఎవరూ పట్టించుకోరు. ఘాట్‌లో ఎక్కేటప్పుడు బండి సత్తా తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకుల సంగతి తెలుస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించడం, ప్యాడ్లు చూపించడం, దిగేటప్పుడు చిన్న గేర్‌లో ఉండటం... ఇంతకంటే చవకైన అప్‌గ్రేడ్ లేదు.

మూడోది కూరుకుపోతే బయటపడే సామాను. సాగే రికవరీ తాడు, రెండు షాకిల్స్, ఓ పార, టైరు కింద వేసే పట్టీలు. తాడు కట్టేది కంపెనీ ఇచ్చిన టో హుక్‌కే. వెనక ట్రెయిలర్ తగిలించే గుండుకి కడితే అది విరిగి తూటాలా వస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. మరి వించ్? ఒంటరిగా తిరిగేవాళ్లకి అవసరమే. కానీ దాని బరువంతా ముందు సస్పెన్షన్ మీద పడుతుంది. నన్నడిగితే తోడుగా ఇంకో బండి ఉన్న ఫ్రెండ్ వించ్ కంటే నయం. టీ ఖర్చు తప్ప ఏమీ ఉండదు.

ఇక స్నార్కెల్. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్తుందని కంపెనీ చెబుతుంది, అంటే రెండడుగుల పైచిలుకు. అది పారే గెడ్డకి వర్తించే లెక్క కాదు. రెండడుగుల లోతున వేగంగా పారే నీరు పెద్ద బండినైనా ఎత్తి పక్కకి తోసేయగలదు. స్నార్కెల్ ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా ఆపుతుందేమో కానీ బండి కొట్టుకుపోకుండా ఆపదు. ఓ వానాకాలం గెడ్డ ముందు నేను కొలతలు చూసుకుంటుంటే, పక్కనే జీపు ఆపుకుని కూర్చున్న డ్రైవర్ అన్నాడు: "నీళ్లు ఎర్రబడ్డాయి బాబూ, పైన వాన పడతంది. ఓ గంట ఆగండి." "సరే బాబాయ్" అని ఆగాను. ఆ గంటలో నీళ్లు ఇంకో అడుగు పెరిగాయి. సర్వీసు జీపు ఆగిన చోట నేనూ ఆగుతాను. స్నార్కెల్ డబ్బులు మిగిలాయి.

చట్టం సంగతీ చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్యలు తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. పాదచారులకి ప్రమాదం, పైగా ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకీ అడ్డం.

రూఫ్ టెంట్ నా లిస్టులో అట్టడుగున ఉంది. యాభై అరవై కిలోల బరువు నెత్తిన పెట్టుకుంటే మలుపుల్లో బండి ఊగుతుంది. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి ఉండటం ఎలాగూ కుదరదు.

వెనక సీటు తీసేసి డ్రాయర్లు, ఫ్రిజ్, కిచెన్ బిగించుకోవడం ఇప్పుడు ఫ్యాషన్. ఈ కొండల్లో మాత్రం అది నాకు మింగుడుపడదు. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణుల్నీ జ్వరంతో ఉన్నవాళ్లనీ ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. అంబులెన్స్ వచ్చే చోటుకి చేరడానికే కిలోమీటర్లు నడవాలి. అలాంటి దారిలో ఖాళీగా కనిపించిన ప్రతి బండినీ చెయ్యెత్తి ఆపుతారు. మనది ఫోర్ బై ఫోర్ అయి ఉండి, వెనకంతా గ్యాస్ స్టవ్వూ ఫోల్డింగ్ కుర్చీలూ ఉంటే ఏం చెబుతాం? అందుకే నా బండిలో వెనక రెండు సీట్లూ ఎప్పుడూ ఖాళీ. సామానంతా రెండు బ్యాగుల్లోనే, అవసరమైతే కాళ్ల దగ్గరికి తోసేయొచ్చు. ఓ దుప్పటి, ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఐదు లీటర్ల మంచినీళ్లు, టార్చ్. సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్, అందులో రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం ఆస్పత్రులు ముందే మార్క్ చేసి ఉంటాయి.

యాభై వేలలో ఇంకా కొంత మిగిలింది. దాన్ని కదపలేదు. స్టెప్నీతో కలిపి ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాలి కదా.